చేతిమీది నరసయ్య

అన్నం ముందు కూర్చున్నప్పుడల్లా ఆదెయ్యకు నరసయ్య కనపడేవాడు. ఎదురుగా కాదు, కుడి మణికట్టుకు నాలుగు వేళ్ళ పైన, పచ్చబొట్టు రూపంలో. ముద్ద కలిపినా నరసయ్యే, ఎత్తి నోట్లో పెట్టుకున్నా నరసయ్యే. ముప్పై ఏళ్ళుగా దీనివల్ల ఆదెయ్యకు ఏ బాధా లేదు. మొన్న ఫిబ్రవరిలో ఇద్దరికీ మాటలు పోయాయి. అప్పటినుంచి ముద్ద దిగడం మానేసింది.

ఆ పచ్చబొట్టు సంగతి ముందే చెప్పాలి, లేకపోతే ఆదెయ్య ఎలాంటివాడో అర్థం కాదు. జువ్వలదిన్నె పక్కన వాళ్ళ పాలెంలో ఆ రోజుల్లో సముద్రం మీదికి వెళ్ళే కుర్రాళ్ళు కొందరు చేతిమీద పేరు పొడిపించుకునేవాళ్ళు. బోటు తిరగబడి మనిషి ఏ ఊరి ఒడ్డుకో కొట్టుకుపోతే ఎవరి బిడ్డో తెలియాలని. తెలివైన ఏర్పాటే. ఇరవై రెండేళ్ళ వయసులో ఆదెయ్య, నరసయ్య ఒక తిరనాళ్ళలో పచ్చబొట్లు పొడిచే ఆమె ముందు కూర్చున్నారు. తీరా ఆమె ఏ పేరు పొడవాలని అడిగేసరికి ఆదెయ్యకు ఒక గొప్ప ఆలోచన వచ్చింది. "నా పేరు నా చేతిమీద ఎందుకబ్బా? నేనేమన్నా మర్చిపోతానా?" అన్నాడు. నిజమే కదా అనిపించింది నరసయ్యకు. వీడి చేతిమీద వాడి పేరు, వాడి చేతిమీద వీడి పేరు పొడిపించుకుని, చేతులు ఊపుకుంటూ ఇంటికొచ్చారు.

ఇద్దరిలో ఎవరు మునిగినా రెండోవాడి ఇంట్లో ఏడుపులు మొదలవుతాయన్న సంగతి ఆ మహానుభావులకు తట్టలేదు. పెళ్ళైన వారానికి ఆదెయ్య భార్య చెంచులక్ష్మికి తట్టింది.

"నీకేమన్నా అయితే నిన్ను వాళ్ళింటికి మోసకపోతారు గదయ్యా! నేను యాడ దాకా పరిగెత్తేది?" అని అడిగింది.

ఆదెయ్య బాగా ఆలోచించి జవాబు చెప్పాడు. "వాళ్ళిల్లు మన పక్కనే గదా."

అంతటి స్నేహం. ఇద్దరికీ కలిపి ఒక బోటు. వలలు, ఇంజను, మంచు పెట్టెలు అన్నీ ఇద్దరివీ. చుక్కాని మాత్రం మొదటినుంచీ ఆదెయ్యది. ఎవరూ ఇచ్చింది కాదు, ఎవరూ అడిగిందీ లేదు. చుక్కాని దగ్గర ఆదెయ్య లేకపోతే ఆ బోటును ఒడ్డున ఎవరూ గుర్తుపట్టరని ఆదెయ్య నమ్మకం.

ఫిబ్రవరిలో ఒక వారంలోనే రెండుసార్లు ఆదెయ్య బోటును పరాయివాళ్ళ వల మీదుగా తోలాడు. వలకు గుర్తుగా కట్టిన తెల్ల బెండ్లు నీళ్ళమీద ఇంతింత లావున తేలుతున్నాయి. అయినా తోలాడు. రెండోసారి నరసయ్య ఉండబట్టలేక, బోటులో ఉన్న నలుగురు మనుషుల ముందు అనేశాడు. "నీకు ఆనడం లేదు ఆదెయ్యా. చుక్కాని నాకియ్యి."

కళ్ళు ఆనడం లేదట! ఎవరికి? చుక్కాని పట్టినవాడికి! ఆదెయ్య ఆ రోజు ఒడ్డుకు వచ్చేదాకా నోరు విప్పలేదు. ఒడ్డుకు వచ్చాక విప్పాడు, ఇక పాలెమంతా విన్నది. నిజం చెప్పాలంటే, ఆ బెండ్లు ఆదెయ్యకు కనపడలేదు. సంక్రాంతి దాటినప్పటినుంచీ దూరపు వస్తువులన్నీ మసకగానే ఉన్నాయి. ఆ సంగతి ఆయనకు తెలుసు కాబట్టే కోపం అంత పెద్దదైంది.

ఏప్రిల్ మధ్యలో వేట నిషేధం వచ్చింది. రెండు నెలలు బోట్లన్నీ ఒడ్డెక్కాయి. పనిలేని ఆదెయ్య ఫోను చూస్తూ ఒక వీడియోలో పడ్డాడు. అందులో ఒకాయన చేతిమీద ఏదో పువ్వు, దానిమీద ఎర్రటి వెలుగు టపటపా కొట్టింది, పువ్వు మాయం. ఆదెయ్య ఆ వీడియోను పదిసార్లు చూశాడు. జూన్ పదిహేనున నిషేధం ఎత్తేసేసరికి చేతిమీద నరసయ్య ఉండకూడదు, ఆ శుభ్రమైన చేత్తో తను మళ్ళీ చుక్కాని పట్టాలి. ఇదీ నిర్ణయం.

"మాట్లాడకపోతే మానె. చెయ్యేం చేసింది నిన్ను?" అన్నది చెంచులక్ష్మి.

ఆదెయ్య అప్పటికే చొక్కా తొడుక్కుంటున్నాడు. బిట్రగుంట వెళ్ళి రైలెక్కి నెల్లూరులో దిగాడు. సెల్‌ఫోన్ల షాపు పైన, అద్దాల తలుపు ఉన్న ఒక బ్యూటీ పార్లరులో ఆ మిషను ఉన్నదని ఎవరో చెప్పారు. లోపల తెల్లకోటు వేసుకున్నాయన ఒకడున్నాడు. తెల్లకోటు చూసి ఆదెయ్య డాక్టరే అనుకున్నాడు. ఆ తెల్లకోటాయనే పక్క కుర్చీలో ఒకామెకు జుట్టుకు రంగు వేసి వచ్చాడు. అదీ చూశాడు, అయినా డాక్టరే అనుకున్నాడు.

"ఎవరండీ ఈ నరసయ్య? మీ నాన్నగారా?" అని అడిగాడు తెల్లకోటు.

"శత్రువు."

"శత్రువు పేరు పొడిపించుకున్నారా?"

"అప్పుడు గాదులే, ఇప్పుడు."

అంతకుమించి ఆ మనిషి ఏమీ అడగలేదు. షుగరుందా, బీపీ ఉందా, దెబ్బ తగిలితే త్వరగా మానుతుందా, ఏ మందులు వాడుతున్నావు, ఏమీ లేదు. ముందు కొంచెం చోట కొట్టి చర్మం ఎలా ఓర్చుకుంటుందో చూద్దామనీ అనలేదు. ఇంగ్లీషు కాగితం మీద సంతకం తీసుకున్నాడు. తను నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, ఆదెయ్యను మాత్రం కళ్ళు మూసుకోమన్నాడు. అసలే మసకబారిన ఆ కళ్ళకు ఇంకా ఏం కావాలో!

మిషను టపటపా మొదలైంది. కాగిన నూనెలో ఆవాలు చిటపటలాడి మీద పడ్డట్టుంది. వెంట్రుకలు కాలిన వాసన వచ్చింది. ఆదెయ్య పళ్ళు బిగించి, ఆ నొప్పంతా నరసయ్యకే తగులుతున్నదని సంతోషించాడు. పావుగంటలో పేరంతా తెల్లగా పొంగింది.

"ఎండ తగలనివ్వకండి. నీళ్ళు తగలనివ్వకండి. బొబ్బలొస్తే గిల్లకండి. రెండు నెలలాగి రెండో సిట్టింగ్‌కు రండి," అని కట్టు కట్టి పంపాడు తెల్లకోటు.

రెండు నెలలన్న మాట ఆదెయ్యకు నచ్చలేదు గాని, మిగతావన్నీ శ్రద్ధగానే విన్నాడు. ఇక్కడే వచ్చింది చిక్కు. నీళ్ళంటే ఆయన లెక్కలో కుళాయి నీళ్ళు, బోరు నీళ్ళు, తాగే నీళ్ళు. సముద్రాన్ని ఆ పాలెంలో ఎవరూ నీళ్ళనరు. జెల్ల చేప ముల్లు గుచ్చుకున్నా, మోకు ఒరుసుకుని తోలు లేచినా వాళ్ళు చేసే మొదటి పని సముద్రంలో ముంచడం. ఉప్పు తగిలితే చుర్రుమంటుంది, చుర్రుమంటే మానుతున్నట్టు లెక్క. కాబట్టి మర్నాడు చేతిమీద ద్రాక్షపండ్లంత బొబ్బలు లేవగానే ఆదెయ్య కట్టు విప్పేసి, ఒడ్డుకు వెళ్ళి, మోచేతి దాకా అలలో ముంచాడు. బ్రహ్మాండంగా చుర్రుమన్నది. ఇంటికి పోకుండా అక్కడే ఎండలో కూర్చుని వల బాగుచేసుకుంటూ చెయ్యి ఆరబెట్టుకున్నాడు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. మూడు రోజులు ఒక్క పూటా మానకుండా చేశాడు. మందు వేసుకోవడంలో ఇంత నిష్ఠ ఆయన జన్మలో చూపించలేదు.

నాలుగో రోజుకు బొబ్బలు చితికి చీము పట్టింది. చెయ్యి మోచేతి దాకా వాచి, వేళ్ళు ముడవడం మానేశాయి. ఒళ్ళు కాలిపోతున్నది. చెంచులక్ష్మి పసుపు పట్టిస్తే పసుపంతా కారిపోయింది.

"ఎవరికీ చెప్పబాకు," అన్నాడు ఆదెయ్య. ఎవరికీ అంటే ఎవరికో ఆమెకు తెలుసు. నేరుగా పక్కింటికి వెళ్ళి చెప్పింది.

నరసయ్య వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. మాటలు లేవు కదా, అందుకని చెంచులక్ష్మిని చూస్తూ మాట్లాడాడు. "ఆటో పిలిచినా. ఆయన్ని చొక్కా ఏసుకోమను."

"నేను రానని చెప్పు," అన్నాడు ఆదెయ్య గోడవైపు తిరిగి.

"రాకపోతే చెయ్యి తీసేస్తారని చెప్పు."

"నా చెయ్యి, నా ఇష్టమని చెప్పు."

"చెయ్యి ఆయనదే. దానిమీది పేరు నాది. నా పేరు పోతా ఉంటే నేను ఊరుకోనని చెప్పు!" అంటూ నరసయ్య లోపలికి వచ్చి, చొక్కా తనే తొడిగి, జబ్బ పట్టుకుని లేపాడు. ఆదెయ్య ఎదురు తిరగలేదు. తిరిగే ఓపిక లేదు. భయం కూడా వేసింది, ఆ మాట ఒప్పుకోడు గాని. వేళ్ళు ముడవని చేత్తో చుక్కాని ఎలా పడతాడు?

నెల్లూరులో చర్మం డాక్టరు ప్రత్యూష చెయ్యి చూసింది, తర్వాత మనిషిని చూసింది, తర్వాత వేలి చివర గుచ్చి రక్తం చూసింది. షుగరు మూడు వందల ఎనభై.

"ఎన్నాళ్ళ నుంచి ఉంది?"

"నాకు షుగరేందమ్మా! నేను తియ్యటివి తిననే తినను."

"రాత్రిళ్ళు ఎక్కువసార్లు లేస్తున్నారా? దాహం? కళ్ళు మసకబారుతున్నాయా?"

మొదటి రెంటికీ ఆదెయ్య తల ఊపాడు. మూడోదానికి "లేదు" అన్నాడు. గెలిచే సమయం నరసయ్యది. ఒక్క మాట అంటే చాలు. నరసయ్య కిటికీలోంచి రోడ్డు మీద పోయే బస్సులను చూస్తూ నిలబడ్డాడు, ఒక్కటీ అనలేదు. ఆదెయ్య అది గమనించాడు. తిట్టి ఉంటే ఇంతకంటే సుఖంగా ఉండేది.

"షుగరు ఇంత ఉండగా లేజరు కొట్టించుకుంటే కాలిన చోటు మానదు. దానికి మీరు సముద్రం నీళ్ళూ, ఎండా తగిలించారు. ఇంకో రెండు రోజులు ఆలస్యమైతే నేను చెయ్యి ఉంటుందా లేదా అని మాట్లాడాల్సి వచ్చేది," అన్నది డాక్టరమ్మ. ఆరు రోజులు ఆసుపత్రిలో సూదులు, సెలైన్లు. వాపు దిగింది, వేళ్ళు కదిలాయి. మూడు వారాలాగి నరసయ్యే మళ్ళీ చూపించడానికి తీసుకొచ్చినప్పుడు, కట్టు మారుస్తుంటే ఆదెయ్య మెల్లగా అడిగాడు.

"ఇంకోసారి కొడితే పూర్తిగా పోతాదా అమ్మా?"

"ఇంకోసారి మాటెత్తకండి. ఆ వెలుగుకు సిరా ఏదో, మీ ఒంటి రంగు ఏదో తేడా తెలీదు. చూడండి, సిరాతోపాటు మీ చాయ కూడా తీసేసింది. ఇక్కడ తెల్లమచ్చ పడింది, ఇది ఎప్పటికి కలుస్తుందో చెప్పలేను. ఈ పక్క మచ్చ గట్టిపడి ఉబ్బుతోంది. మీ ఒంటి తీరు అది. మళ్ళీ కొడితే మళ్ళీ ఉబ్బుతుంది."

"మరి, పోయిన సిరా యాడికి పోయిందమ్మా?"

"ఎక్కడికి పోతుంది? సన్నగా పగిలి ఒంట్లోకే పోయింది. చాలావరకు చంకలో గ్రంథులుంటాయి, అక్కడ చేరి ఉండిపోతుంది."

ఆదెయ్య కొంచెంసేపు తన చంకవైపు చూసుకున్నాడు. "అంటే నరసయ్య చంకలోకి పోయినాడా?"

కట్టు కడుతున్న నర్సు పక్కకు తిరిగి నవ్వింది. నరసయ్య మాత్రం డాక్టరమ్మతో చాలా గంభీరంగా చెప్పాడు. "చూడమ్మా. పొమ్మనబోయి ఇంకాస్త లోపలికి తోసుకున్నాడు."

ఆదెయ్యకు నవ్వొచ్చింది. ఆపుకోవాలని చూశాడు. నవ్వితే చెయ్యి నొప్పి, ఆపుకుంటే పక్కటెముకలు నొప్పి. చివరికి నవ్వేశాడు. నాలుగు నెలల తర్వాత ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నరసయ్య ముసలివాడైపోయాడనిపించింది ఆదెయ్యకు. నాలుగు నెలల్లో ఇంత ముసలితనం ఎట్లా వచ్చిందా అని బాధపడ్డాడు కూడా.

పుండు మానింది గాని పేరు సగమే పోయింది. 'న', 'ర' తెల్లమచ్చలో కలిసిపోయాయి. 'సయ్య' మాత్రం ఉబ్బి, చేత్తో తడిమినా చదువుకునేట్టు మిగిలింది. పాలెంలో నరసయ్యను సయ్యన్నా అని పిలవడం మొదలుపెట్టారు. కళ్ళ డాక్టరు కూడా చూశాడు. షుగరు కళ్ళలోకి దిగిందనీ, వైద్యం చేస్తే ఉన్న చూపు నిలబడుతుందనీ, పోయింది ఎంత తిరిగొస్తుందో చెప్పలేననీ అన్నాడు. ఆ మాట ఆదెయ్య భార్యకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

జూన్ పదిహేను వచ్చింది. పొద్దున్నే బోట్లన్నీ నీళ్ళలోకి దిగాయి. ఆదెయ్యకు సెప్టెంబరు దాకా సముద్రం వద్దన్నది డాక్టరమ్మ. అయినా పొడుగుచేతుల చొక్కా వేసుకుని ఒడ్డుకు వచ్చాడు. బోటులో నలుగురూ ఎక్కారు. నరసయ్య కూడా ఎక్కాడు, ఎక్కి ముందువైపు తాళ్ళ దగ్గర నిలబడి లేని ముడులు విప్పుతున్నాడు. చుక్కాని దగ్గర ఎవరూ లేరు. బోటు మనుషులు నరసయ్యను చూశారు, ఆదెయ్యను చూశారు, ఆకాశాన్ని చూశారు. ఎవరికీ ఆ చోటికి వెళ్ళే ధైర్యం లేదు. ఆదెయ్య ఒక్క మాట చెప్తే గాని బోటు కదలదు.

మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి చివరికి అన్నాడు.

"నాకు ఆనడం లేదబ్బా." నలుగురికీ వినపడేట్టే అన్నాడు. "సంక్రాంతి నించీ ఆనడం లేదు. వాడు చెప్పింది నిజమే. చుక్కాని వాడికియ్యండి."

నరసయ్య తాళ్ళు వదిలేసి వచ్చి చుక్కాని పట్టుకున్నాడు. పట్టుకుని, కళ్ళు తుడుచుకోవడానికి మళ్ళీ వదిలాడు. "సెప్టెంబరు దాకా పట్టుకుంటా, అంతే," అన్నాడు.

ఇంజను మోగింది. బోటు కదిలి పదిబారల దూరం వెళ్ళేసరికి ఆదెయ్యకు మనుషులంతా ఒకటే ముద్దగా కనపడ్డారు. ఎవరు ఎక్కడున్నారో తెలియలేదు. ఒడ్డున నిలబడ్డ చెంచులక్ష్మిని అడిగాడు.

"సరిగ్గా పట్టుకున్నాడా?"

"పట్టుకున్నాడు," అన్నది చెంచులక్ష్మి. "మెడ తిప్పి నీ వంకే చూస్తా ఉండాడు."

ఆదెయ్య ఇంకో రెండడుగులు నీళ్ళలోకి వెళ్ళి, రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని, కనపడని ఆ బోటువైపు గొంతు చించుకుని అరిచాడు. "నన్నేంది చూసేది, ముందుకు చూడరా సన్నాసీ! ఏటి మొగ దగ్గర ఎడమ పక్క ఇసుక మేట ఉండాది!"