సత్యానందం మాస్టారి సంజాయిషీ

మా నాన్నగారు స్వహస్తాలతో రాసిన కాగితం తప్పని చెప్పడానికి నేను నల్లకోటు వేసుకుని అమలాపురం వెళ్ళాల్సి వచ్చింది. తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. ఎవరి మీద మండుతుందో మాత్రం సరిగ్గా చెప్పలేను.

నాన్నగారి పేరు సత్యానందం. కొత్తపేట దగ్గర మా ఊళ్ళోనే ముప్పై నాలుగేళ్ళు తెలుగు పాఠాలు చెప్పి రిటైరయ్యారు. ఊళ్ళో ఎవరికి సర్కారు కాగితం వచ్చినా మా అరుగు మీదికే వచ్చేవారు. పింఛను ఆగినా, మీటరు రాకపోయినా, ఇంటి పన్ను ఎక్కువేసినా నాన్నగారే అర్జీ రాసేవారు. పైసా పుచ్చుకునేవారు కాదు. ఆ అర్జీలన్నీ "తమ సముఖమునకు మిక్కిలి వినయముతో" అని మొదలై, "తెలిసో తెలియకో మా వలన జరిగిన లోపమును పెద్దమనసుతో మన్నించి" అని ముగిసేవి. లోపం ఉందా లేదా అన్నది వేరే సంగతి. అడిగేముందు ఒకసారి వంగాలి, అంతే.

ఆయన్ని ఎగతాళి చేస్తున్నాననుకోకండి. మా తాతయ్య కామందు గారి చూరు కింద చేతులు కట్టుకుని నిలబడి "తప్పు కాయండి బాబయ్యా" అంటే గాని కుంచెడు గింజలు దొరికేవి కావట. ఏం తప్పు చేశాడని? అడగడమే తప్పు. నాన్నగారు ఆ మాట అక్కడే నేర్చుకున్నారు. చదువు వచ్చాక దాన్నే గ్రాంథికంలో పెట్టారు. ఆ గ్రాంథికంతోనే ఎన్నో పనులు జరిగాయి కూడాను.

వెంకటదుర్గ మా వీధి చివర కొబ్బరి పీచు మిషను నడుపుతుంది. భర్త పోయాక పెట్టుకుంది. ఆరుగురు ఆడవాళ్ళు అక్కడ కొబ్బరికాయల మీద ఒలిచిన డొక్కలు మిషనులో వేసి, పీచు తీసి, ఆరబోసి బతుకుతున్నారు. మొన్న వేసవిలో ఆమెకు పంచాయతీ నోటీసు వచ్చింది. డొక్కలు నానేసిన నల్లనీళ్ళు బోదె కాలవలో కలిసి పొలాల్లోకి పోతున్నాయట. లైసెన్సు ఎందుకు రద్దు చేయకూడదో ఏడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలట. దుర్గ తన నీళ్ళు గోతిలో పట్టి కొబ్బరి చెట్ల పాదుల్లోకి వదులుతుంది. బోదెలో నలుపు ఎగువనున్న గోవిందరాజులు రొయ్యల షెడ్డుది. ఊళ్ళో ముక్కున్న ప్రతివాడికీ ఆ సంగతి తెలుసు. గోవిందరాజులు పంచాయతీ వాళ్ళకి కావలసినవాడన్న సంగతి కూడా తెలుసు.

ఆ రోజుల్లో నేను వేరే కేసు పని మీద రాజమండ్రిలో ఉండిపోయాను. దుర్గ నోటీసు పట్టుకుని నాన్నగారి దగ్గరికి వచ్చింది. ఆయన అలవాటు ప్రకారం రాశారు. ఆమె అలవాటు ప్రకారం చూపించిన చోట సంతకం పెట్టింది. పదో రోజున మోటారుకు సీలు వేసి, షెడ్డు తలుపుకు ఆర్డరు అంటించి పోయారు. "యజమానురాలు తన లోపమును లిఖితపూర్వకముగా అంగీకరించినందున లైసెన్సు రద్దు చేయడమైనది" అని అందులో ఉంది.

నేను ఊరొచ్చి ఆ సంగతి తెలుసుకునేసరికి ఇంకో పన్నెండు రోజులు గడిచిపోయాయి. చదువుకుంటున్నవాళ్ళని ఇబ్బంది పెట్టడమెందుకని దుర్గ చెప్పలేదట. లాయరుగా ఆరేళ్ళ నుంచి కోర్టుకెళ్తున్నా ఊరికి నేనింకా చదువుకుంటున్నదాన్నే.

"ఏం లోపం చేసిందని రాసేరు నాన్నగారూ?" అని కాగితం ఆయన ముందు పెట్టాను.

"అది మర్యాదకి రాసే మాటమ్మా. పై వాళ్ళకి రాసేటప్పుడు…"

"గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు రాసేరు! తడిమింది మీరు, భుజాలేమో దుర్గక్కవి!"

"మాటవరసకని వాళ్ళకి మాత్రం తెలీదా? ఆ పంచాయతీ సెక్రటరీ నా దగ్గరే చదువుకున్నాడు. వాడికి లీవు లెటరు రాయడం నేర్పింది నేనే."

"మరే, అందుకే అంత బాగా అర్థం చేసుకున్నాడు."

ఆయన కళ్ళజోడు తీసి పక్కన పెట్టారు. నేను ఇంకా నాలుగు అనేదాన్నే, గుమ్మంలో నిలబడ్డ దుర్గ అడ్డుపడింది.

"పోనీలెండి స్టెల్లమ్మా. మాస్టార్నేమీ అనకండి. ఆయన నా మంచికే రాసేరు."

అప్పీలు గడువు ముప్పై రోజులు. పరుగుల మీద అప్పీలు వేశాను. బోదె పొడుగునా ఫొటోలు తీశాను. నీళ్ళు ఎక్కడి నుంచి వస్తున్నాయో ఒక్క ముక్క రాసిమ్మని రైతుల్ని అడిగాను. అందరూ కూర్చోబెట్టి కొబ్బరినీళ్ళు ఇచ్చారు. సంతకం మాత్రం ఒక్కరూ పెట్టలేదు. "గోవిందరాజులుతో మనకెందుకండీ" అన్నారు. అమలాపురంలో మా సీనియరు కొండలరావు గారు ఫైలు చూసి నిట్టూర్చారు.

"ఈ ఉత్తరం ఉన్నంతకాలం నీ ఫొటోలు ఎవరూ చూడరమ్మా. రాసినాయనే వచ్చి, ఇది ఆవిడ మాట కాదు, నా మాట అని చెప్పాలి."

ఆ మాట నాన్నగారితో అనడానికి నాకు వారం పట్టింది. కోప్పడటం తేలికే, రమ్మని అడగడం కష్టం. ఆయన అన్నం కలుపుతూ విన్నారు.

"అందరి ముందూ నేను రాసింది తప్పని నువ్వే అడుగుతావా?"

"ఆయ్. నేనే అడగాలండి."

"అలాగే" అన్నారు. తర్వాత ముద్ద ఎత్తలేదు.

విచారణ రోజున ఆయన చొక్కా ఆయనే ఇస్త్రీ చేసుకున్నారు. అప్పీలు వినే అధికారి మెత్తగా మాట్లాడే మనిషి. పెద్దాయన్ని చూసి కుర్చీ వేయించారు. నాన్నగారు కూర్చోలేదు. నేను ఉత్తరం చేతికిచ్చాను.

"ఇది ఎవరు రాసేరండి?"

"నేనేనండి."

"లోపం జరిగిందని ఆవిడ మీతో చెప్పిందా?"

"లేదండి. నేనే వేసేను. అలవాటండి."

"రాసేక ఆవిడకి చదివి వినిపించేరా?"

ఆయన నా వైపు చూశారు. ఇంట్లో నేను అడగని ప్రశ్న అది. అప్పటికప్పుడు నోటికొచ్చింది.

"లేదండి" అన్నారు. "ఎవరికీ వినిపించలేదండి. ఇన్నేళ్ళలో ఎప్పుడూ."

ఇంక అడగడానికి ఏమీ లేదని కూర్చున్నాను. అధికారి దుర్గ వైపు తిరిగారు.

"ఏమ్మా, నువ్వైనా చదువుకోలేదా?"

"తర్వాత చదివేనండి, నకలు. కూడబలుక్కుని."

"లోపం చేసేనని ఉంది కదా. అప్పుడే వెళ్ళి ఇదేమిటని అడగొద్దూ?"

"మాస్టారు రాసేరు కదండీ" అంది దుర్గ. "నాకు తెలీకుండా ఏదో చేసే ఉంటాననుకున్నానండి."

అధికారి కలం తీసి రాసుకుని, ఆర్డరు చెప్పారు. ఆ ఉత్తరాన్ని ఒప్పుకోలుగా తీసుకోకూడదు. పదిహేను రోజుల్లో బోదె మొదటి నుంచి చివరిదాకా చూసి రిపోర్టు ఇవ్వాలి. అంతవరకూ సీలు అలాగే ఉండాలి. సగం గెలుపు. చూడబోయేది మళ్ళీ పంచాయతీ మనుషులే గనక, సగం కూడా అవునో కాదో.

బయటికొచ్చాక దుర్గ నాన్నగారికి దండం పెట్టింది. ఆయన ఆ చేతులు పట్టుకుని దింపేశారు.

"వద్దమ్మా. పనివాళ్ళకి ఏం చెప్పేవు ఇన్నాళ్ళూ?"

"నా వల్లే మూతపడిందని చెప్పేనండి. కాగితంలో అలాగే ఉంది కదా."

ఊళ్ళో బస్సు దిగగానే ఆయన ఇంటికి రాకుండా చెరువు గట్టు దారి పట్టారు. దుర్గను ఇంటికి పంపి నేనూ వెంట నడిచాను. ఆ ఆరుగురిలో పెద్దది పెద్దింట్లమ్మ, వాళ్ళిల్లే ముందు వచ్చింది. ఆమె చాట పక్కన పెట్టి లేచి నిలబడింది. ఆ మిషను మూతపడటంలో దుర్గ తప్పేమీ లేదని, తను చేతులారా రాసిన తప్పుడు మాట వల్ల ఇంత జరిగిందని నాన్నగారు చెప్పారు. ఈసారి గ్రాంథికం రాలేదు, మాట తడబడింది. పెద్దింట్లమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"అయ్యో మాస్టారండీ! రెండు నెలలై దాన్తో మాటాడ్డం మానేసేనండి. మా కడుపులు కొట్టేవు కదే అని నలుగురిలో అన్నాను. అది మారు మాటాడలేదండి. నిజమే వదినా అంది."

నాన్నగారు ఆ అరుగు మీదే కూలబడ్డారు. నేను మంచినీళ్ళు అడిగి తెచ్చి ఇచ్చాను. తాగి, కళ్ళు తుడుచుకుని, లేవడానికి నా భుజం పట్టుకున్నారు. ఇంకా ఐదిళ్ళు ఉన్నాయి.