నాలుగో మెట్టు నుంచి నేల దాకా

మణికొండలో మా గల్లీ చివరి టైలరు నా పట్టు జాకెట్టు తిరగేసి చూపించాడు. "ఇగ విప్పనీకి కుట్లు లేవు మేడం," అన్నాడు. జాకెట్టు కుట్టించేటప్పుడే లోపల కాస్త బట్ట వదిలి మూడు వరసల కుట్లు వేయించుకుంటాం కదా, ఒళ్ళొచ్చినప్పుడల్లా ఒక్కో వరస విప్పించుకోవచ్చని. రెండో కాన్పు తర్వాత ఆరేళ్ళలో నేను మూడు వరసలూ పూర్తిచేశాను. ఇక మిగిలింది కొత్త జాకెట్టో, కొత్త ఒళ్ళో.

ఆ రోజే లిఫ్టు చెడిపోయింది. నాలుగో అంతస్తు చేరేసరికి ప్రాణం కళ్ళలోకి వచ్చి, మా గుమ్మం ముందు మెట్ల మీదే కూలబడ్డాను. ఎదురు ఫ్లాటు ఆంటీ తన గుమ్మంలో కుర్చీ వేసుకుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. వికారాబాద్ వైపు సర్కారు బడుల్లో ముప్పై ఏళ్ళు డ్రిల్లు టీచరుగా చేసి రిటైరైన మనిషి.

"ఏంది బిడ్డా, ఈ వయసుకే గిట్ల ఆయాసపడుతున్నవ్? లే, చెవులు పట్టుకొని పది గుంజీలు తియ్యి."

హాస్యమాడుతోందనుకున్నాను. ఆవిడ చిక్కుడుకాయలు పక్కన పెట్టి చూస్తూ కూర్చుంది. లేచి తీశాను. ఆరోదానికి తలుపు పట్టుకున్నాను. ఆవిడ నవ్వలేదు, నాకు అదే ఎక్కువ అవమానంగా తోచింది. జిమ్ములో చేరతానాంటీ అన్నాను.

"మిషన్లు గిషన్లు ఏం అక్కర్లే. నీ బరువు నీకున్నది, గది చాలు. రేపు పొద్దుగాల ఆరున్నరకు రా."

అలా మొదలైంది. గుంజీలు, మోచేతుల మీద ఒళ్ళంతా నిలిపే ప్లాంకు, నేల మీద పడుకుని నడుము లేపడం, వీటితో పాటు పుషప్పులు. పుషప్పు నా జన్మలో ఒక్కటీ చేసి ఎరగను. బళ్ళో డ్రిల్లు పీరియడంటే భీమవరంలో మేమంతా రింగు ఆట ఆడి చెట్టు కింద కూర్చునేవాళ్ళం. ఆ మాట చెబితే ఆంటీకి కోపం వచ్చింది. ఆవిడ పనిచేసిన బళ్ళలో కూడా హెడ్మాస్టర్లు ఆడపిల్లలకు రింగు ఆట చాలనేవారట. ఆవిడ వినలేదట.

మొదట వంటింటి గట్టు మీద చేతులానించి చేయించింది. అది వచ్చాక మెట్ల దగ్గరికి తీసుకొచ్చింది. కాళ్ళు వరండాలో, చేతులు నాలుగో మెట్టు మీద. పది సాఫీగా వచ్చిన రోజున మూడో మెట్టుకు దిగాలి. తర్వాత రెండు, ఒకటి, ఆఖర్న నేల. జనమంతా మెట్లెక్కి పైకొస్తారు, నా అభివృద్ధి మాత్రం కిందికి. పైఅంతస్తు వాళ్ళు నన్ను దాటుకుని వెళ్తూ "ఏమైనా పడిపోయిందాండీ, వెతుకుతున్నారు?" అనేవారు. మొదట్లో అవునండి, చెవిదుద్దు అనేదాన్ని.

తిండి విషయంలో ఆవిడ పెద్దగా చెప్పలేదు. కూర ఎక్కువ, బువ్వ తక్కువ, రోజూ రెండు గుడ్లు. రెండో గరిటె అన్నం మానడం నాకు పుషప్పుల కంటే కష్టమైంది. మా ఆయన నా ముందే ముద్దపప్పులో ఆవకాయ కలుపుకునేవాడు, అతని మీద విడాకులంత కోపం వచ్చేది.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, నాకు పొద్దున ఏడింటికి అమెరికా టీముతో కాల్ ఉంటుంది. రాత్రి వాళ్ళు సాఫ్ట్‌వేర్‌లో పట్టుకున్న తప్పులు మాకు అప్పజెప్పే కాల్. నా వంతు రెండు నిమిషాలు, మిగతాదంతా వినడమే. అందుకని చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని, నా వంతు కాగానే మైకు ఆపేసి మెట్ల దగ్గర వంగేదాన్ని. ఒకరోజు ఆపానో లేదో చూసుకోలేదు.

"ఇంకా కిందికి! నడుము జారనియ్యకు. బర్రెలెక్క రొప్పకు, ఊపిరి ఇడువు, ఇడువు, గట్లనే..." ఇది ఆంటీ. నా మూలుగులు సరేసరి. పన్నెండు మంది విన్నారు. అవతలి అమెరికా ఆవిడ నాకు నొప్పులొస్తున్నాయనుకుని, కాన్పు ఎప్పుడో తనతో చెప్పనేలేదేమని మా మేనేజరును అడిగిందట.

పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. మధ్యాహ్నానికి హైటెక్ సిటీలో మా అంతస్తు మొత్తానికి తెలిసిపోయింది. ఆఫీసు వార్షికోత్సవంలో పుషప్పుల పోటీ ఉంది. మేనేజరు నవ్వుతూ వచ్చి, "మన టీము నుంచి మీ పేరు ఇచ్చానండి, ఎలాగూ ప్రాక్టీసులో ఉన్నారు కదా," అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళంతా నవ్వారు. నాకు కోపం వస్తే కళ్ళలో నీళ్ళొస్తాయి, అందుకని కంప్యూటరు వైపు తిరిగిపోయాను. పోటీ అయిదు వారాల్లో. నేనింకా రెండో మెట్టు మీద ఉన్నాను.

పేరు తీయించేస్తానని ఆంటీతో అన్నాను. "మంచిగైంది, ఇగ తప్పించుకోలేవు," అంది ఆవిడ. తీయించలేదు. గెలవాలని కాదు, అందరి ముందూ నేల మీద నుంచి ఒక్కటంటే ఒక్కటి, మోకాలు ఆనకుండా చేయాలి. అంతకంటే ఏమీ అడగలేదు ఏ దేవుణ్ణీ.

ఈలోపు ఒళ్ళు మారింది. చెంపల కింద దవడ ఎముక కనిపించింది. దండ చేతి మీద ఒక గీత తేలింది. మా ఆయన వేలితో పొడిచి చూసి, "ఇదేంటే, ఇంత గట్టిగా ఉంది?" అన్నాడు. సిగ్గు విడిచి చెబుతున్నాను, రోజుకు నాలుగుసార్లు అద్దం ముందు చెయ్యి మడిచి చూసుకునేదాన్ని. టైలరు విప్పిన కుట్లు రెండు వరసలు మళ్ళీ వేశాడు.

కానీ నేల మాత్రం లొంగలేదు. ఒకటో మెట్టు మీద పది వచ్చాయి. నేల మీద దిగడం వచ్చింది, లేవడం రాలేదు. పోటీ ముందురోజు కూడా ఛాతీ గచ్చుకు ఆనిపోయింది.

"దిగుడు వచ్చింది కద, లేచుడు గదే వస్తది. ఫికర్ చెయ్యకు," అంది ఆంటీ. నాకు నమ్మకం కలగలేదు.

క్యాంటీనులో బల్లలు జరిపి చాపలు పరిచారు. ఆడవాళ్ళు మోకాళ్ళు ఆనించి చేయవచ్చన్నారు. పోటీలో ఉన్న మిగతా ముగ్గురూ ఆనించారు. నేను కాళ్ళు వెనక్కి చాపాను. "మేడం, మోకాళ్ళు పెట్టుకోవచ్చు," అన్నాడు లెక్కపెట్టే అబ్బాయి. అక్కర్లేదండి అన్నాను. నా ఎదురుగా మేనేజరు బూట్లు కనిపిస్తున్నాయి.

దిగాను. ఛాతీ చాపకు బెత్తెడు దూరంలో ఆగింది. నడుము బిగించాను, ఊపిరి వదిలాను. మోచేతులు వణికాయి. ఒక క్షణం ఎటూ కదల్లేదు, తర్వాత నేల నెమ్మదిగా దూరమైంది. చేతులు పూర్తిగా చాచాక గానీ నేను పైకొచ్చానని నాకు తెలియలేదు. అరుద్దామనిపించింది, కానీ ఊపిరి లేదు. మళ్ళీ దిగాను. మళ్ళీ లేచాను. అయిదు చేశాను. ఆరోది రాలేదు, చాప మీద బోర్లా పడి నాలో నేనే నవ్వుకున్నాను.

మోకాళ్ళ మీద ముప్పై చేసిన కొత్తమ్మాయికి కప్పు వెళ్ళింది. నేనూ గట్టిగానే చప్పట్లు కొట్టాను.

కాసేపటికి మేనేజరు నా దగ్గరికి వచ్చాడు. నవ్వడం లేదు. చేతిలో ఫోను. "ఫోటో సరిగ్గా రాలేదండి, మీరు పైకి లేచేసరికి నేను చూస్తూ ఉండిపోయాను. ఇంకొక్కటి చేస్తారా?" అన్నాడు.

చేశాను.