డానియల్ సారు కళ్లు మూసుకుంటే

ఎదుటివాళ్లు ఇంగ్లీషులో నోరు తెరిచారంటే చాలు, డానియల్ సారు కళ్లు మూసుకుంటాడు. తెలుగు మాట్లాడండి, ఉర్దూ మాట్లాడండి, కళ్లు పెద్దవి చేసుకుని మరీ వింటాడు. ఇంగ్లీషు ముక్క ఒక్కటి చెవిన పడిందా, రెప్పలు దిగిపోతాయి. పైగా ఆయన ఇంగ్లీషు సారు. నార్కట్‌పల్లి దగ్గర హైవే దిగి మూడు కిలోమీటర్లు లోపలికి పోతే వచ్చే సర్కారు హైస్కూల్లో పొద్దంతా పిల్లల ఇంగ్లీషు వినడమే ఆయన ఉద్యోగం. ఇక రోజులో ఎంతసేపు లోకాన్ని చూస్తాడో మీరే ఊహించుకోండి.

ఒకసారి నార్కట్‌పల్లి చౌరస్తాలో కారాయన ఎవరో అద్దం దించి ఇంగ్లీషులో దారి అడిగాడు. సారు బండి పక్కకు ఆపి, స్టాండు వేసి, కళ్లు మూసుకున్నాడు. కారాయన ఇంజను ఆపేశాడు. ఫిట్స్ వచ్చాయనుకుని పరుగున దిగొచ్చి, సారు చేతిలో కారు తాళాలు పెట్టి గుప్పిట బిగించాడు. సారు నిదానంగా కళ్లు తెరిచి, దారి చెప్పి, తాళాలు వాపస్ ఇచ్చాడు. "గిట్ల ఎవరికి వడితే వాళ్లకియ్యకుండ్రి సార్, దినాలు మంచిగ లెవ్వు" అని జాగ్రత్త కూడా చెప్పాడు.

ఇంట్లోనూ అంతే. భార్య కోమలకు కోపం ముదిరితే "యూ లిజన్" అని మొదలుపెడుతుంది. సారు రెప్పలు వాలిపోతాయి.

"గోడతోని కొట్లాడినట్టుంటది వదినా" అని ఆమె పక్కింటామెతో మొరపెట్టుకుంది.

"మీ ఆయన నయం, కండ్లే మూస్తడు. మా ఆయన చెవులు మూస్తడు" అంది పక్కింటామె.

బళ్లో అటెండరు ఐలేశం మాత్రం విషయం ఎప్పుడో తేల్చేశాడు. "మేడం, సారు మల్ల పండిండు" అని రోజూ హెడ్మాస్టరు గదికి వార్త మోసేవాడు. సారుకని తెచ్చిన చాయ్ చల్లారుతుందని తానే తాగేసేవాడు. కాబట్టి ఆ నిద్ర మీద ఐలేశానికి సొంతంగా ఫిర్యాదేమీ లేదు.

ఫిర్యాదంతా హెడ్మాస్టరు శ్యామలమ్మ మేడానిది. సర్కారు బళ్లలోకి ఇంగ్లీషు మీడియం వచ్చిన ఏడాది అది. మేడం ఇరవై ఆరేళ్లు భౌతికశాస్త్రం తెలుగులో చెప్పిన మనిషి. న్యూటన్ కూడా ఆమెతో తెలుగులోనే మాట్లాడాడు. ఇంగ్లీషు చదువుతుంది, రాస్తుంది. నలుగురి ముందు మాట్లాడమంటే మాత్రం గొంతుకు ఎవరో గొళ్లెం పెట్టినట్టవుతుంది. రెండేళ్ల కింద నల్లగొండ మీటింగులో ఆమె ఒక ఇంగ్లీషు వాక్యం మొదలుపెడితే వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ వాక్యం ఇప్పటికీ పూర్తికాలేదు.

అలాంటి మేడానికి సోమవారం నాడు కాగితం వచ్చింది. గురువారం జిల్లా ఆఫీసరు వస్తున్నాడు. హెడ్మాస్టరే ఎనిమిదో తరగతి పిల్లల ఎదుట బడి గురించి పది నిమిషాలు ఇంగ్లీషులో చెప్పాలి. చదివి వినిపిస్తే కుదరదు. పిల్లల ముందే గొంతు పడిపోతే, తెల్లవారి వాళ్లకు ఇంగ్లీషులో పాఠం ఏ ముఖంతో చెప్పాలి?

భయపడ్డ మనిషి చేసే పనే మేడం చేసింది, పక్కవాళ్ల తప్పు వెతికింది. ఆఫీసరు వచ్చిన రోజు సారు ఇలాగే పడుకుంటే ఉన్న పరువూ పోతుందనుకుంది. ఫొటో తీసి మెమో ఇద్దామని ఫోను పట్టుకుని ఎనిమిదో తరగతి కిటికీ దగ్గరికి పిల్లిలా నడిచింది.

సారు కుర్చీలో కళ్లు మూసుకునే ఉన్నాడు. ఆయన ఎదురుగా ఉజ్మా నిలబడి ఉంది. ఉర్దూ మీడియం బడి నుంచి జూన్‌లో వచ్చిన పిల్ల. ఐదు నెలలుగా ఎవరేం అడిగినా తల ఊపడమే ఆమె జవాబు. మూగదేమోనని స్టాఫ్‌రూములో అనుకున్నారు కూడా. ఆ ఉజ్మా మాట్లాడుతోంది.

"మై అబ్బా, పంచర్ షాప్. వన్ లారీ కమ్. టైర్ ఇన్‌సైడ్ నెయిల్. బిగ్ నెయిల్."

"హౌ బిగ్?" అన్నాడు సారు, రెప్ప కదపకుండా.

ఉజ్మా చేతులు చాపి చూపించింది. సారుకు కనబడదని గుర్తొచ్చి చేతులు దించింది. గాలిలో మాట కోసం వెతికింది. "మై ఫింగర్. నో, నో. టూ ఫింగర్."

"అమ్మో. దెన్?"

కిటికీ బయట మేడం ఫోను పర్సులో వేసుకుంది. బెల్లు కొట్టాక సారును వరండాలో ఆపింది.

"మీరు పండుకోలేదా సార్?"

"పండుకుంటే టైరుల దిగిన మొల ఎంత పొడుగని ఎట్లడుగుత మేడం?"

"మరి గా కండ్లేంది?"

సారు కొంచెం సిగ్గుపడ్డాడు. "నేను చూస్తుంటే మధ్యల ఆగుతరు మేడం. తప్పయిందా సార్ అన్నట్టు నా మొకం దిక్కు చూస్తరు. నా మొకం సంగతి మీకు తెల్వంది కాదు, తప్పు వినవడితె కనుబొమ్మ దానంతలదే లేస్తది. ఎంత ఆపినా ఆగదు. గందుకే దుకాణం బంద్ పెడత."

మేడం అటూ ఇటూ చూసింది. ఐలేశం దూరంగా ఉన్నాడు. "అయితే సార్, జర నా ఇంగ్లీషు గూడ వింటరా?"

ఏమిటని సారు అడగలేదు. గోడకు ఆనుకుని దుకాణం మూసేశాడు. మేడం గురువారం చెప్పాల్సినదాంట్లో మొదటి వాక్యం చెప్పింది. రెండోదాని దగ్గర తడబడి ఆయన ముఖం చూసింది. అక్కడ చదవడానికేమీ లేదు. మూడోది చెప్పింది. బుధవారం దాకా ఇదే పని. "ఇగ మేడం మాట్లాడినా పండుతుండు" అని ఐలేశం చాయ్ ఊదుకుంటూ ఊరంతా చెప్పాడు.

గురువారం ఆఫీసరు వచ్చాడు. వస్తూనే, చెడిపోయిన బోరు మోటారును తన వెంట వచ్చిన ఇంజనీరుకు చూపించమని డానియల్ సారును బయటికి పంపేశాడు. మేడం ఒంటరిదైపోయింది. ఆఫీసరు ముందు వరుసలో కూర్చుని, పెన్ను మూత తీసి, ఆమె ముఖంలోకి సూటిగా చూశాడు. రెండు వాక్యాలు నడిచాయి. మూడోదాంట్లో గొళ్లెం పడింది.

మేడం చూపు పిల్లల మీదికి పోయింది. మూడో బెంచీలో ఉజ్మా మేడాన్నే చూస్తోంది. చూసి, చూసి, కళ్లు మూసుకుంది. పక్క పిల్ల ఉజ్మాను చూసి మూసుకుంది. ఆ వెనక బెంచీ, ఆ పక్క బెంచీ. నిమిషంలో ముప్పై ఎనిమిది మంది పిల్లలు రెప్పలు దించేశారు.

గొళ్లెం ఊడింది. బట్టీ పట్టిందంతా మరిచిపోయి మేడం తన సొంత ఇంగ్లీషులో చెప్పుకుపోయింది. ఆడపిల్లల బాత్రూముకు తలుపు లేదని చెప్పింది. తాను తెలుగులో చదివానని, ఇంగ్లీషు పాఠం పిల్లలతోపాటే తానూ నేర్చుకుంటున్నానని చెప్పింది. ఆఫీసరు తల పంకిస్తూ వెనక్కి తిరిగి, ఉలిక్కిపడ్డాడు.

"ఇదేంది మేడం, క్లాసుకు క్లాసే పండుకుంది?"

"నో సార్. దే ఆర్ లిజనింగ్."

నమ్మకం కుదరక ఆఫీసరు మూడో బెంచీలో ఉజ్మా వైపు వేలు చూపించి లేవమన్నాడు. పిల్లలు కళ్లు తెరిచారు. ఉజ్మా లేచి నిలబడింది. "వాట్ డిడ్ మేడం సే?" అని అడిగాడు ఆఫీసరు.

ఉజ్మా నోరు తెరిచింది, ఆయన కళ్లలోకి చూసింది, నోరు మూసుకుంది. ఆఫీసరు పెన్ను బెంచీ మీద టకటకలాడింది. మేడం ఆయన చెవి దగ్గరికి వంగింది.

"ఏమనుకోకుండ్రి సార్. మీరు జర కండ్లు మూసుకోవాలె."

"నేనా?"

"అవును సార్. మీ మొకం జర ఆఫీసు లెక్కుంది."

ఆయన ముందు ఒక కన్ను మూశాడు. కాస్త ఆలోచించి రెండోదీ మూశాడు. మేడం మూసుకుంది. కూర్చున్న పిల్లలు మళ్లీ మూసుకున్నారు.

"మేడం సే, బాత్రూమ్ డోర్ నో," అంది ఉజ్మా. "మేడం లెర్న్, వీ లెర్న్. సేమ్ క్లాస్." ఎవరూ అడగని మాట ఒకటి తనంతట తానే చేర్చింది. "ఫస్ట్ మేడం ఫియర్. ఐ సీ. సో ఐ క్లోజ్."

అది విన్నప్పుడు ఆఫీసరు ముఖం ఎలా మారిందో మేడమూ, కూర్చున్న పిల్లలూ చెప్పలేరు. కావాలంటే ఉజ్మానే అడగాలి. ఆ గదిలో అప్పుడు కళ్లు తెరిచి ఉన్నది ఆ పిల్ల ఒక్కతే.