బావ సాక్ష్యం చెప్పిన ఆదివారం

ఒక సంగతి చాలా ఏళ్లుగా నాలో ఉండిపోయింది. బరువే. కానీ నన్ను చూసినవాళ్లెవరూ వీడు ఏదో మోస్తున్నాడని అనుకోరు. నా పని అలాంటిది. పంచర్లు వేయడం గురించి కాదు, ఆ పని చేతులు చేసుకుపోతాయి. నవ్వించడం గురించి అంటున్నాను. నేను వడ్డనకు దిగితే పెళ్లిలో పంక్తి లేవదు. చావింట్లో కూడా ఎవరో ఒకరు నా మాటకు నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటారు. ఏడో తరగతిలో లెక్కల సారు నడకను ఆయన వెనకాలే నడిచి చూపించాను. బడి నుంచి పంపేశారు. తర్వాత రమ్మని కబురు పెట్టారు, నేనే పోలేదు. కాబట్టి రాతలో తప్పులుంటే సర్దుకోండి. నేను చేసిన తప్పును మాత్రం సర్దుకోవద్దు.

ఈమధ్య మా చర్చికి కొత్తగా వచ్చిన పాస్టరు, ఇంకా చిన్నవాడే, ఆరాధన అయిపోయాక అందరినీ ఒక ప్రశ్న అడిగాడు. ఆడవాళ్ల వైపు చాపలు చాలక గుమ్మం దాకా కూర్చుంటున్నారు. మగవాళ్ల వైపు చాపలు చుట్ట విప్పకుండానే గోడకు ఆనించి ఉంటున్నాయి. ఎందుకు? తలా ఒకటి చెప్పారు. మగవాళ్లకు దొరికేది ఆదివారం ఒక్కటే కదా అని ఒకామె అంది. ఆడవాళ్లకు అదీ దొరకదు, అయినా వస్తున్నాం కదా అని పక్కామె అంది. మగవాడికి ఒక దగ్గర కూర్చుని ఇంకొకడు చెప్పేది వినడం చేతకాదని ఒక ముసలాయన అన్నాడు. నేను వెనక గోడకు ఆనుకుని ఉన్నాను. పాస్టరు నా వైపు చూశాడు.

"కింద కూసుంటే మోకాళ్లు పట్టుకపోతానయ్ అయ్యగారూ. కుర్చీలేస్తే మస్తుమంది అస్తరు" అన్నాను.

అందరూ నవ్వారు. ప్రశ్న అక్కడితో ముగిసింది. నేను చాలా ప్రశ్నలను ఇలాగే ముగించాను.

ప్రపంచంలోని మగవాళ్లంతా ఎందుకు రావడం లేదో నాకు తెలియదు. ఒక్క మనిషి ఎందుకు మానేశాడో మాత్రం తెలుసు. ఆ మనిషి మా బావ సారయ్య, మా అక్క భర్త.

నా షాపు సుబేదారి దాటాక ఒక సందు మొదట్లో, చర్చి గేటుకు సరిగ్గా ఎదురుగా ఉంది. అప్పట్లో ఆదివారం పొద్దున భర్తలు బండ్ల మీద భార్యలను తెచ్చి గేటు దగ్గర దించేవాళ్లు. దించి ఇంటికి పోయేవాళ్లు కాదు, మళ్లీ తీసుకుపోవాలి కదా. లోపలికీ పోయేవాళ్లు కాదు. రోడ్డు దాటి నా షాపు ముందు బెంచీ మీద కూర్చునేవాళ్లు. గాలి కొట్టించుకున్నట్టు ఉండేది, పొద్దూ పోయేది. టీ తెప్పించేది వాళ్లు, నవ్వించేది నేను. మా ఇంటామె కూడా లోపలే ఉండేది. గేటు మీద హారన్ మైకు కట్టి ఉండేది కాబట్టి పాటలూ ప్రసంగమూ అన్నీ మా దాకా వచ్చేవి. చర్చిలో కూర్చోకుండానే చర్చి అంతా వినేవాళ్లం. నేను దాన్ని మా వాళ్లకు కొంచెం మసాలా వేసి మళ్లీ వినిపించేవాణ్ణి. అప్పటి ముసలి పాస్టరయ్య దగ్గు, కానుకలప్పుడు పాట సాగదీసే ఒకామె గొంతు, అన్నీ నా దగ్గర ఉండేవి. పాపం అనిపించేది కాదు. ఇప్పుడు కూడా ఆ దగ్గు గురించి పెద్దగా బాధ లేదు.

బావది రఘునాథపల్లి దగ్గర పల్లె. మార్కెట్ యార్డులో హమాలీ. మిర్చి బస్తా వీపు మీద వేసుకుంటే మెట్లెక్కుతున్నట్టు కాదు, మెట్లు దిగుతున్నట్టు నడిచేవాడు. తాగేవాడు. తాగితే అక్క మీద చేయి లేచేది. అక్క చాలాకాలం ఆయన్ను బెంచీ దగ్గర వదిలి ఒక్కతే లోపల ప్రార్థన చేసింది, ఆయన కోసమే చేసింది. ఆ విషయం గేటులోంచి చూసినా ఆమె మోకరించిన తీరులోనే తెలిసేది. ఒక ఆదివారం ఆయన బండి ఆపి, స్టాండు వేసి, బెంచీ వైపు రాకుండా అక్క వెనకాలే గేటు లోపలికి పోయాడు.

బెంచీ మీద ఒకడు అడిగాడు: "ఏందిరా, మీ బావ లోపలికి పోతాండు? సెప్పులెవలన్న ఎత్కపోతరని కాపలానా?"

"కాదే. లోపల ఫ్యాన్లు మంచిగున్నయ్" అన్నాను.

అప్పుడు నాకు ఎలా అనిపించింది? నిజం చెప్పాలంటే కొంచెం కోపం వచ్చింది. ఎందుకు కోపం? మా మనిషి ఒకడు తగ్గాడని. అంతేనా? ఇంకేదో కూడా ఉంది. ఆయన చేసిన పని నేను చేయలేనిది. మా ఇంటామె కూడా నాకోసం మోకరిస్తుందని నాకు తెలుసు. తాగని వాణ్ణి, కొట్టని వాణ్ణి, నాకెందుకు అని అనుకునేవాణ్ణి. ఆయన లోపలికి పోయిన రోజు మొదటిసారి, బయట కూర్చోవడం కూడా ఒక పనిలా కనిపించింది. దానికి కారణం చెప్పుకోవాల్సి వచ్చేలా ఉంది.

బావ తర్వాతి వారమూ వచ్చాడు. ఆ తర్వాతా వచ్చాడు. తాగడం మానేశాడని అక్క అనలేదు, అంటే పోతుందేమోనన్న భయం ఆమెకు. మొహం చూస్తే మాత్రం తెలిసేది. అప్పట్లో ఆరాధన చివర సాక్ష్యాలకు సమయం ఇచ్చేవారు. దేవుడు తనకు ఏం చేశాడో ఎవరైనా లేచి చెప్పొచ్చు. ఎక్కువగా ఆడవాళ్లే లేచేవాళ్లు. ఆ రోజు హారన్‌లో ఒక మగ గొంతు వచ్చింది. బస్తాల కింద అరిచి అరిచి బొంగురుపోయిన గొంతు. మైకు పట్టుకోగానే సన్నబడింది.

"నేను ఇంటికత్తే మా బిడ్డ మంచం కిందికి పోయేది. నా సెప్పుల సప్పుడు ఇంటె సాలు. నిన్న... నిన్న పోలే." అక్కడ గొంతు ఆగింది. మళ్లీ మొదలైంది. "పోలే. తలుపుకాడ నిలవడ్డది. గంతే. వందనాలు."

 బెంచీ మీద ఒకడు టీ గ్లాసు వైపు చూస్తున్నాడు. ఎలక్ట్రీషియన్ ఒకతను ఉండేవాడు, వాళ్లావిడ అడుగుతోంది, ఒకసారి లోపలికి పోయి చూద్దామా అని అంతకుముందే నాతో అన్నాడు. అతను గేటు వైపు చూస్తున్నాడు. అంతసేపు నిశ్శబ్దం మా బెంచీకి అలవాటు లేదు. నాకు అసలు లేదు. గాలి పైపు చేతిలోకి తీసుకున్నాను, మైకులా నోటి దగ్గర పెట్టుకున్నాను, భుజాలు వంచి బావలా నిలబడ్డాను. "నిన్న... నిన్న పోలే... పోలేఏఏ" అని ఆ సన్నగొంతుతో ఏడ్చాను. పైపు నొక్కితే బుస్సుమంది. దానితో ముక్కు చీదినట్టు చేశాను.

పగలబడి నవ్వారు. ఎలక్ట్రీషియన్ కూడా నవ్వాడు. వాళ్ల ఒంట్లోంచి ఏదో దిగిపోయినట్టు నవ్వారు.

వాళ్ల నవ్వు ఒక్కసారిగా ఆగింది. వెనక్కి తిరిగాను. బావ ఉన్నాడు. చివరి పాట అవుతుండగానే బయటికి వచ్చేశాడు. ఎందుకు వచ్చాడో ఇప్పటికీ అనుకుంటాను. నాకు తెలిసినంతలో ఒకటే కారణం. మనసు నిండినప్పుడు ఆయన నాతో టీ తాగేవాడు.

ఆయన నవ్వుతున్నాడు.

"ఏం జేత్తాన్నవ్ బామ్మర్ది?"

"ఏం లేదు బావా, ఉత్తగనే."

"మల్లొక్కసారి జెయ్. నేను సగమే సూసిన."

"వద్దు తియ్ బావా."

"జెయ్‌రా. నన్నే గద జేసేది. నేను సూడొద్దా?"

మాలో బావను బామ్మర్ది ఎంతైనా అనొచ్చు. పెళ్లినాడు చెప్పులు దాచిన దగ్గర మొదలవుతుంది ఆ హక్కు. బావ కోపం తెచ్చుకుంటే తప్పు బావదే. పరాచికం తట్టుకోలేని మనిషని పేరు పడుతుంది. ఆయనకు కోపం తెచ్చుకునే దారి లేదు. అది నాకు తెలుసు. నాకు తెలుసని ఆయనకూ తెలుసు. అందరూ మా ఇద్దరినే చూస్తున్నారు.

నేను మళ్లీ చేశాను.

రాయడానికి ఇంతకాలం పట్టింది ఈ ముక్క దగ్గరే. మొదటిసారి చేసింది నోటి దూల అనుకోవచ్చు. రెండోసారి ఆయన కళ్ల ముందు, ఆయన మొహం చూస్తూ చేశాను. ఇంకా బాగా చేశాను. మొదటిసారి వదిలేసిన "గంతే, వందనాలు" కూడా కలిపాను. ఆయన చప్పట్లు కొట్టాడు. నా వీపు మీద చరిచాడు. "అచ్చం నా లెక్కనే ఉన్నదిరా" అన్నాడు. టీ తాగకుండా బండి దగ్గరికి పోయి అక్క కోసం నిలబడ్డాడు.

తర్వాతి ఆదివారం అక్కను గేటు దగ్గర దించి, రోడ్డు దాటి బెంచీ మీద కూర్చున్నాడు. మావాళ్లు జరిగి చోటిచ్చారు.  నేను ఏదో అన్నాను, నవ్వారు. ఆయనా నవ్వాడు.

నాలుగైదు వారాలు చూసి అక్క నా దగ్గరికి వచ్చింది. "మీ బావ లోపలికెందుకు అస్తలేడురా? నీకేమన్న సెప్పిండా?"

అప్పుడే చెప్పేసి ఉండొచ్చు. అక్క నన్ను తిట్టేది, అంతకు మించి ఏమీ అయ్యేది కాదు. బహుశా నన్ను వెంటబెట్టుకుని బావ దగ్గరికి పోయేది. కానీ నా నోరు నాకంటే వేగం. "పాస్టరయ్య ఏదో అన్నడట అక్కా. తాగుబోతుల సాక్ష్యం నెల కూడ నిలువదని, మగోళ్ల ముందట" అన్నాను. అంత సాఫీగా ఎలా వచ్చిందో తెలియదు. బహుశా అది నేను అనుకున్న మాటే అయ్యుంటుంది. అక్క కూడా లోలోపల భయపడ్డ మాట అదే, అందుకే వెంటనే నమ్మింది.

ఆమె పాస్టరయ్యను గేటు దగ్గరే నిలబెట్టి అడిగింది. ఆయన నెమ్మది మనిషి. అలా అన్నట్టు గుర్తు లేదమ్మా, తెలియక నా నోటి నుంచి వచ్చి ఉంటే క్షమించు అన్నాడు. ఏ తప్పూ చేయనివాడు ఇంత తేలిగ్గా క్షమించమంటాడని మా అక్కకు తెలియదు, ఒప్పుకున్నాడనుకుంది. బిడ్డను తీసుకుని ఆ చర్చి మానేసి, బస్సెక్కి వేరే చర్చికి పోవడం మొదలుపెట్టింది. పాస్టరయ్య నా షాపుకు కూడా వచ్చాడు. బావకు ఏ మాట తగిలిందో చెబితే ఇంటికి పోయి సరిదిద్దుకుంటానన్నాడు. పోనివ్వండి అయ్యగారూ, తనే అర్థం చేసుకుంటాడు అన్నాను. నాకు వందనాలు చెప్పి పోయాడు. ఆ తర్వాత ఆయన మగవాళ్లను సాక్ష్యానికి పిలవడమే తగ్గించాడు. ఎవరికి ఏం తగులుతుందోనని జంకేవాడు. ఎలక్ట్రీషియన్ ఎప్పుడూ లోపలికి పోలేదు. పోతానని మళ్లీ అనలేదు కూడా.

బావ మళ్లీ తాగాడు. మొదట్లో తక్కువ. మా మేనకోడలు అప్పటికి మంచం కింద పట్టే వయసు దాటింది. చప్పుడు వినగానే పక్కింటికి పోయేది.

ఎలాగూ తాగేవాడేనేమో? ఈ మాట నాకు నేను ఎన్నోసార్లు చెప్పుకున్నాను. మానేసి మళ్లీ మొదలుపెట్టినవాళ్లు మా సందులోనే చాలామంది ఉన్నారు. కావచ్చు. కానీ ఆయన సంగతి ఏమయ్యేదో నాకు ఎలా తెలుస్తుంది? తెలిసేదాకా ఆయన్ను లోపల ఉండనివ్వలేదు కదా. అంతమంది ఆడవాళ్ల మధ్య, ఖాళీ చాపల వైపు నిలబడి, తన ఇంట్లో జరిగింది మైకులో చెప్పడానికి ఆయనకు ఎంత కావలసి వచ్చిందో నాకు తెలుసు. అది విరగ్గొట్టడానికి నాకు ఒక గాలి పైపు సరిపోయింది.

చివర్లో దవాఖానలో ఉన్నాడు. కళ్లు పచ్చబడ్డాయి, పొట్ట ఉబ్బింది. రోజూ పోయేవాణ్ణి. ఏదన్నా సెప్పురా అనేవాడు, చెప్పేవాణ్ణి. నర్సు నడక చేసి చూపించాను, పక్క మంచం ఆయన గురక చేశాను. నవ్వితే కడుపు నొప్పి అని చేత్తో పట్టుకుని నవ్వేవాడు. ఆ ఆదివారం ఊసు ఆయన ఎప్పుడూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఎత్తడానికి రోజులు మిగిలే ఉన్నాయి అనుకున్నానా? లేదు. మిగల్లేదని తెలిసే నవ్వించాను.

ఆయన పోయాక నేను చర్చి లోపల కూర్చుంటున్నాను. మా ఇంటామె తన ప్రార్థన ఫలించిందని అనుకుంటోంది. నేను కాదనలేదు. అది కూడా ఇందులో చేర్చుకోండి.

అక్క ఎక్కడికి పోయినా నా గురించి ఒకటే చెబుతుంది: అందరూ వదిలేసినా నా తమ్ముడొక్కడే చివరిదాకా ఆయన్ను నవ్వించాడు అని. పాత పాస్టరయ్య ఎదురైతే తల తిప్పుకుని పోతుంది. ఆయన వయసైపోయి చర్చి వదిలినా ఇక్కడే ఉంటున్నాడు. ఆమె తల తిప్పుకున్నప్పుడల్లా ఆయన నిలబడి, పోయేదాకా చూస్తాడు. నిజం చెబుదామని అక్క ఇంటికి పోయాను. ఒకసారి కాదు. ప్రతిసారీ ఆమెను నవ్వించి వచ్చాను. అందుకే ఇలా రాస్తున్నాను. కాగితం నా మొహం చూడదు, నవ్వదు, కాబట్టి తప్పించుకోవడానికి దారి లేదు.

ఇది అక్క చదివితే నాతో మాట మానేస్తుంది. ఆ హక్కు ఆమెది. చదవకపోతే నేను మంచి తమ్ముడిగానే ఉండిపోతాను. ఈ రెండింటిలో ఏది కోరుకుంటున్నానని ఎవరైనా అడిగితే తడుముకోకుండా చెప్పలేను. క్షమించమని అడగడం లేదు. అడగాల్సినవాడు నవ్వుతూనే వెళ్లిపోయాడు.

ఇంతవరకు రాసి ఒకసారి చదువుకున్నాను. నవ్వొచ్చే చోట్లు రెండు మూడు కనిపించాయి. కొట్టేద్దామనుకుని వదిలేశాను. అవి లేకపోతే రాసింది నేనేనని నాకే నమ్మకం కలగదు. ఇక మిగిలింది చిన్నది. పాస్టరయ్య ఆ మాట అనలేదు. నేను కల్పించాను. మా బావ చర్చి మానేసింది నా వల్ల.