వీరలక్ష్మి గారి తెల్ల సాసరు

నిన్న నా మొహాన్నే కంప్యూటర్లో పెట్టుకుని బాగుచేద్దామని కూర్చున్నాను. మచ్చలు మాపే పనిముట్టుతో చెంప మీద నొక్కితే, అది పక్కనున్న మంచి చర్మం కాస్త తెచ్చి మచ్చ మీద అతికించాలి. నా మొహంలో మంచి చోటు ఎక్కడా దొరక్క, పాపం, వెనకున్న గోడలోంచి ఓ ముక్క తెచ్చి అతికించింది. ఊరికే వచ్చిన సాఫ్ట్‌వేర్‌ని అంతకన్నా కష్టపెట్టడం న్యాయం కాదు. నవ్వుకుంటూ సంచిలో చెయ్యి పెట్టేసరికి వేళ్ళకి చల్లగా పింగాణీ తగిలింది, మొక్కలకి వేసే తడి కొబ్బరిపొట్టు వాసన గుప్పుమంది. అంతే, కడియం ఊళ్ళో మొక్కల మీది ఆ ఆకుపచ్చ వల పందిరి, దాని కింద టీ చల్లార్చుకుంటున్న వీరలక్ష్మి గారు కళ్ళముందు నిలబడ్డారు.

ఆవిడది చిన్న నర్సరీ. పొట్టి మనిషి, నడుముకి తాడుతో వేలాడే కత్తెర, చేతిలో ఎప్పుడూ తెల్ల సాసరు. కప్పులో టీ తాగగా నేనెప్పుడూ చూడలేదు. సాసరులో పోసుకుని జుర్రేవారు. నేను తొమ్మిదో తరగతి మధ్యలో బడికి సెలవిచ్చాను. బడి కూడా పెద్దగా బాధపడలేదు. కొన్నాళ్ళు అక్కడా ఇక్కడా తిరిగి ఆవిడ దగ్గర సంచుల్లో మట్టి నింపే పనిలో చేరాను. చేతులకన్నా నోరు ఎక్కువ ఆడేది. ఓ రోజు ఆవిడ కొత్త ఫోను తెచ్చి నా చేతిలో పెట్టారు.

"ఒరేయ్ శ్రీనూ, ఇకనించి మొక్కల ఫోటోలు తీసి బేరగాళ్ళకి పంపడం నీ పని. ఫోటో తీసేటప్పుడన్నా ఊపిరి బిగపట్టి నోరు మూస్తావు."

"ఆయ్ అమ్మగారూ, ఎన్ని ఫోటోలు తీయమంటారు?"

"సాయంత్రం దాకా తీస్తూనే ఉండు."

ఫోటోలు దిద్దడానికి ఆవిడ కూతురు వదిలేసిన పాత లాప్‌టాప్ ఇచ్చారు. నేను మొదట దింపిన సాఫ్ట్‌వేర్ వారం తిరక్కుండా నెలనెలా అద్దె కట్టమంది. "కత్తెరకి అద్దె కడతామేంట్రా? ఇంకోటి చూడు" అన్నారు. చూస్తే జింప్ అని ఒకటి కనిపించింది. ప్రపంచంలో ఎక్కడెక్కడి వాళ్ళో కూర్చుని రాసి, ఎవరికైనా ఊరికే ఇచ్చేస్తున్నారు. నాకు నమ్మకం కుదరలేదు. "ఊరికే ఎందుకిస్తారండి? ఏదో తిరకాసు ఉంటుంది" అన్నాను.

"పొద్దున్న గేటు దగ్గర ఒకావిడ మందార కొమ్మ అడిగితే విరిచివ్వలేదూ? అందులో ఏం తిరకాసుంది? ఎవరో పుణ్యాత్ములు కొమ్మ విరిచి ఇచ్చారు. నాటుకో. నీ దగ్గర బతికాక ఇంకొకళ్ళకి విరిచివ్వు."

నాటుకున్నాను. నాటుకుని, వెంటనే కొంప ముంచాను.

మా ఆంథూరియం పూలమొక్కలు ఎండ పడకుండా ఆకుపచ్చ వల కింద పెరుగుతాయి. ఆ వల రంగు కిందున్న ప్రతిదాని మీదా దిగుతుంది. ఫోటోలో మల్లెపువ్వు కూడా గోరుచిక్కుడులా కనిపిస్తుంది. కళ్ళు అలవాటు పడిపోతాయి కనుక అక్కడ పనిచేసే మాకు తెలియదు. లేత గులాబీ ఆంథూరియం ఫోటోలో నీరసంగా ఉందని నేను ఎరుపు పెంచాను. ఇంకా బాగుంటుందని ఇంకాస్త పెంచాను. ఆ ఫోటో చూసి నాగపూర్‌లో ఒక పెద్ద తోటల కాంట్రాక్టరు ఎర్రపూల మొక్కలనుకుని మూడువందలు అడిగాడు. లారీ దిగింది. సంచులు విప్పితే లేత గులాబీ.

ఆయన ఫోనులో అరిచిన అరుపులకి నాకు హిందీ రాకపోయినా అంతా అర్థమైంది. ముప్ఫై ఏళ్ళుగా ఆవిడ మాట మీద మొక్కలు లారీలెక్కుతున్నాయి. ఇంకొక్క లోడు పంపమన్నాడు, ఎరుపు సగం, గులాబీ సగం. ఈసారి ఒక్క రంగు తేడా వచ్చినా లారీ వెనక్కి తిప్పి, ఈ నర్సరీ ఫోటోలు నమ్మొద్దని అందరికీ చెబుతానన్నాడు.

ఆవిడ ఫోను పెట్టేసి నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. "ఈ లోడు తిరిగొస్తే నువ్వు మట్టి సంచుల దగ్గరకి పోతావు. అది పెద్ద విషయం కాదు. నా మాట పోతుంది" అన్నారు. కాసేపు చేతిలో సాసరు వంక చూస్తూ కూర్చున్నారు. తర్వాత మిగిలిన టీ పారబోసి, సాసరు కడిగి తుడిచి, మొక్క పక్కన పెట్టారు.

"ఇప్పుడు తియ్యి. పువ్వు రంగు గురించి నువ్వనుకునేది నాకొద్దు, నేననుకునేది నీకొద్దు. కంప్యూటర్లో ఈ సాసరు తెల్లగా వచ్చేదాకా దిద్దు. అప్పుడు పువ్వు రంగు దానంతటదే చెబుతుంది."

జింప్‌లో చుక్కల మందు గొట్టంలాంటి బొమ్మ ఒకటుంటుంది. దాన్ని తీసి సాసరు మీద నొక్కి, ఇదీ అసలు తెలుపు అని చెప్పాను. వల తాలూకు ఆకుపచ్చ మొత్తం ఫోటోలోంచి ఒక్కసారి దిగిపోయింది. ఎరుపు ఎరుపైంది, గులాబీ గులాబీ అయింది. నేను కుర్చీలోంచి లేచి ఎగిరాను. ఆ ఎగరడంలో సాసరు ఉన్న భాగం కత్తిరించడం మర్చిపోయి, ఉన్నదున్నట్టు పంపేశాను.

వెంటనే నాగపూర్ నించి ఫోను. మొక్కతోపాటు సాసరు కూడా ఇస్తారా అని ఆయన వెటకారం. ఆవిడ తనకొచ్చిన నాలుగు ముక్కల హిందీలో అడిగారు: "మీ ఫోనులో సాసరు ఏ రంగులో ఉంది?" తెలుపు అన్నాడు. "అయితే పువ్వు కూడా మీకు కనిపించిన రంగే. అది మా సాక్షి."

లారీ వెళ్ళాక నాలుగు రోజులూ నేను జోకు వెయ్యలేదు. కూలీలు నాకు జ్వరమనుకున్నారు. ఐదో రోజు పొద్దున్న నాగపూర్ నించి ఒక ఫోటో వచ్చింది. ఆయన పెరట్లో మా ఆంథూరియంలు, వాటి పక్కన, ఎక్కడ సంపాదించాడో, ఒక తెల్ల సాసరు! నా ఫోటో పక్కన ఆ ఫోటో పెట్టాను. రెండు సాసర్లూ ఒకటే తెలుపు, పూలూ అవే రంగులు. నర్సరీ అంతా చుట్టూ మూగింది. వీరలక్ష్మి గారు మాత్రం తెర వైపు చూడకుండా, "సాసరు తెల్లగా ఉందా?" అని అడిగారు.

"ఉందండి!"

"అందరికీ వినపడేట్టు చెప్పు."

ఆ ఏడాది నించి బేరగాళ్ళు "సాసరు ఫోటో పంపండి" అని అడగడం మొదలెట్టారు. పక్క నర్సరీ వాళ్ళు పోటీగా స్టీలు పళ్ళెం పెట్టారు. అందులో మొక్కకన్నా ఫోటో తీసేవాడి బొజ్జ స్పష్టంగా వచ్చింది.

ఆవిడ ఆ రోజు తెర వైపు ఎందుకు చూడలేదో ఏడాది తర్వాత తెలిసింది. రాజమండ్రిలో డాక్టరు రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరాయన్నాడు. "రెండేళ్ళుగా సాసరు పసుపుపచ్చగా కనిపిస్తోందిరా. టీ మరకనుకుని తోమీ తోమీ అరగ్గొట్టాను. తప్పు సాసరుది కాదని నీ ఎర్రపూల గొడవకి ముందే తెలిసింది" అన్నారు. తన కళ్ళు తనకే అబద్ధం చెబుతున్నాయని తెలిసిన మనిషి గనకే, ఎవరి కళ్ళనీ నమ్మనక్కర్లేని పద్ధతి పట్టుకున్నారు. నాకు రెండు కళ్ళూ బాగుండి కూడా ఆ ఆలోచన రాలేదు.

ఆవిడ పోయి మూడేళ్ళు. సాసరు నా సంచిలో ఉంది. ఆదివారాలు చుట్టుపక్కల నర్సరీల ఆడవాళ్ళకి, వచ్చిన వాళ్ళందరికీ, జింప్ నేర్పుతున్నాను. ఏమివ్వమంటారని అడిగితే, ఇంకొకళ్ళకి కొమ్మ విరిచివ్వమంటాను. ఏదైనా మరీ అందంగా కనిపిస్తే, నా మొహంతో సహా, పక్కన సాసరు పెట్టి చూసుకుంటాను.

అన్నట్టు, అప్పట్లో శుక్లాల ఆపరేషనై కట్టు విప్పాక ఆవిడ నేను దిద్దిన ఫోటోలన్నీ గంటసేపు ఒక్కొక్కటే చూశారు. నేను కాలరెగరేసి, "ఎలా ఉన్నాయండి అమ్మగారూ? ఒక్క రంగైనా తేడా ఉందా?" అన్నాను. ఆవిడ తెర మీంచి చూపు తిప్పి నన్ను పైనించి కింద దాకా ఓసారి చూశారు.

"ఫోటోలన్నీ అచ్చంగా ఉన్నాయిరా. తేడా నీలోనే ఉంది. నా శుక్లాలు ఇన్నాళ్ళూ నిన్ను ఎంత అందంగా చూపించాయో!"