ఆదివారం మార్చని వైర్లు

వానకు తడిసిన రబ్బరును పెట్రోలు గుడ్డతో తుడిస్తే ఒక వాసన వస్తుంది. మొన్న పోర్ట్‌బ్లెయిర్ జంగ్లీఘాట్‌లో మెకానిక్ షెడ్డు ముందు బల్ల మీద కూర్చుని ఉండగా ఆ వాసన ముక్కుకు తగిలింది. మా కారు ఇప్పుడు పాతదైపోయింది. చినుకు పడితే చాలు, దగ్గి దగ్గి ఆగిపోతోంది. మెకానిక్ బానెట్ ఎత్తి చూసి, "ప్లగ్గులు, ప్లగ్గు వైర్లు మార్చాలి మేడమ్. రేపు రండి" అన్నాడు. "రేపు వద్దు భయ్యా, ఈరోజే మార్చెయ్యి" అన్నాను. గొంతు కాస్త గట్టిగా వచ్చిందేమో, తలెత్తి నా వంక వింతగా చూశాడు. ఎస్తేరమ్మక్కను ఎరగని మనిషికి నా తొందర ఎలా అర్థమవుతుంది?

టీచరు ఉద్యోగం వచ్చి విశాఖపట్నం నుంచి ఓడెక్కి ఈ దీవులకు వచ్చినప్పుడు నేను ఒంటరిదాన్ని. ఫెరార్‌గంజ్ బడికి వేశారు. అక్కడ నాకు తన ఇంట్లో ఒక గది ఇచ్చిన మనిషి ఎస్తేరమ్మక్క. ఆ ఊరి ఆరోగ్య కేంద్రంలో నర్సు. భీమిలి వైపు మనిషి. ఆమె భర్త ప్రభుత్వ గుమాస్తాగా పనిచేస్తూ, బదిలీ మీద వెళ్ళిపోతున్న ఒక ఆఫీసరు దగ్గర పాత నల్ల కారు కొన్నారట. ఏడాది తిరగకుండానే ఆయన జ్వరంతో పోయారు. కారు అమ్మేయమని అందరూ చెప్పినా ఆమె అమ్మలేదు, నడపడం నేర్చుకుంది. ఆరోగ్య కేంద్రానికి ఒక్కటే జీపు. అది వేరే ఊరు వెళ్ళిందంటే, రోగిని పోర్ట్‌బ్లెయిర్ పెద్దాసుపత్రికి చేర్చడానికి జనం ఈమె గుమ్మం ముందుకే వచ్చేవారు. స్వాతంత్ర్యం వచ్చాక ప్రభుత్వం భూములిచ్చి కూర్చోబెట్టిన బెంగాలీ రైతులు, రాంచీ నుంచి వచ్చిన కూలీలు, మా తెలుగువాళ్ళు, అందరికీ ఆమె దీదీయే. నేను మాత్రం అక్కా అనేదాన్ని.

ఆమెను నవ్వుతూ సేవ చేసే దేవతలా ఊహించుకోకండి. నేను చూసినన్నాళ్ళూ ఆమె అలసిపోయే ఉంది. డ్యూటీ నుంచి వచ్చి చెప్పులు ఓ మూలకు విసిరి, గోడకు జారగిలబడి, "ఏటో పిల్లా, ఈ ఒళ్ళు నాది కాదేమో" అనేది. ఎవరైనా తలుపు తడితే ముందు విసుక్కునేది. విసుక్కుంటూనే తాళంచెవి తీసుకునేది.

ఒక శనివారం బడి నుంచి వచ్చేసరికి బానెట్ ఎత్తి ఉంది. "ఇటు రా, నువ్వూ నేర్చుకో. నాకు ఓపిక లేనప్పుడు నువ్వు చెయ్యాలి" అంది. నాకు అలాంటి పనులు రావన్నాను. "నాకు మాత్రం పుట్టుకతో వచ్చేయా ఏటి? ఇంజను చల్లారింది, రా." వైరును లాగకూడదట, చివరనున్న రబ్బరు తొడుగును పట్టుకుని తిప్పుతూ తీయాలట. ఒకటి తీసి, దాని చోట కొత్తది పెట్టాకే రెండోదాని మీద చెయ్యి వెయ్యాలి. "అన్నీ ఒక్కసారి పీకేసేవనుకో, ఏది ఎక్కడిదో తెలీదు. గాడీ కదలదు." ప్లగ్గును ముందు వేళ్ళతోనే బిగించమంది. మరలు సాఫీగా ఎక్కుతున్నాయని చేతికి తెలిశాకే పానా పెట్టనిచ్చింది. ఆ రోజు ప్లగ్గులు మార్చాం. వైర్లు మాత్రం పాతవే. ఉప్పు గాలికి వాటి కొసలు పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి. కొత్తవి మద్రాసు ఓడలో రావాలి.

వానలు ముదిరాక ఓడ వచ్చింది. వైర్ల పొట్లం మా ఇంటికి చేరిన ఆదివారం నాకింకా కళ్ళకు కట్టినట్టే ఉంది. అక్క వరసగా రాత్రి డ్యూటీలు చేసి, ఆ పొద్దున్నే మళ్ళీ చర్చిలో తెలుగు ప్రార్థనకు వెళ్ళి వచ్చింది. పొట్లం విప్పి చూసి, బల్ల మీద పెట్టి, చాప మీద వాలిపోయింది. "రేపు మారుద్దాం పిల్లా. ఇవేళ లేవలేను."

మర్నాడు సాయంత్రం ఆమె డ్యూటీ నుంచి రాగానే బిమల్ పరిగెత్తుకొచ్చాడు. కొత్తగా అడవి కొట్టి పొలం చేసుకుంటున్న బెంగాలీ రైతు. భార్య మాలతికి నొప్పులు మొదలయ్యాయి, బిడ్డ అడ్డం తిరిగింది. జీపు ఊళ్ళో లేదు. "దీదీ, గాడీ నికాలో" అన్నాడు, కారు బయటికి తీయమని.

వాన హోరున కురుస్తోంది. మాలతి తల నా ఒళ్ళో పెట్టుకుని వెనక కూర్చున్నాను. అడవి దారిలో మిట్ట ఎక్కుతుండగా కారు కుదుపులిచ్చి ఆగిపోయింది. అక్క దిగి బానెట్ ఎత్తింది. బిమల్ తన పైగుడ్డను రెండు చేతులతో గొడుగులా పట్టాడు. ఆ మబ్బు చీకట్లో పగిలిన వైరు నుంచి ఇంజను ఇనుము మీదికి నీలం నిప్పురవ్వ చిటచిటా దూకడం నేనూ చూశాను. ఆమె వైర్లన్నీ కొంగుతో తుడిచింది. తన సంచిలోని ఆసుపత్రి ప్లాస్టరు చింపి పగులుకు చుట్టింది. కారు కదిలింది, కానీ ఈడ్చుకుంటూ. మళ్ళీ ఆగింది. మళ్ళీ దిగింది.

పెద్దాసుపత్రికి చేరాక మాలతి బతికింది. బిడ్డ దక్కలేదు. బిమల్ అక్క కాళ్ళకు దణ్ణం పెట్టబోయాడు. ఆమె వెనక్కి జరిగిపోయింది.

ఇంటికొచ్చాక ఆమె చేసిన మొదటి పని వైర్లు మార్చడం. ఒక్కొక్కటీ తీస్తూ, పెడుతూ ఉంది. నేను పక్కన నిలబడి, "డాక్టరుగారు అన్నారు కదక్కా, ముందే వచ్చినా బిడ్డ బతికేది కాదేమోనని" అన్నాను.

"'కాదేమో' అనే కదా అన్నారు. బతికేదేమో కూడా. తెలీనిదాన్ని నాకు కావాల్సినట్టు తిప్పుకోమంటావా?"

చేతులు కడుక్కుని, చీర మార్చుకుని, బిమల్ ఇంటికి బయల్దేరింది. నేనూ వెంట వెళ్ళాను. అతను గుమ్మంలో పీట వేశాడు. ఆమె కూర్చోలేదు. "కొత్త వైర్లు ఆదివారమే మా ఇంట్లో ఉన్నాయి బిమల్. నేను మార్చలేదు. అందుకే కారు ఆగింది" అని హిందీలో చెప్పింది. అతను లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాడు.

తిరిగి వస్తుంటే నాకు ఏడుపొచ్చింది. "రాత్రుళ్ళు నిద్రలేక ఒళ్ళు హూనమైపోయిందని చెప్పొచ్చు కదా!"

"అతను అడగలేదు కదా. అలుపు నాది. బిడ్డ అతనిది. రెండూ ఒక తక్కెట్లో ఎలా పెడతాం?" అంది. అడుగు వేగం పెంచి, "నడు. ఆకలేస్తోంది" అంది.

ఆ తర్వాత బిమల్ ఆమెను చూస్తే దారి మళ్ళేవాడు. సంగతి ఊరంతా పాకింది. కొందరు గుసగుసలాడారు, కొందరు కొన్నాళ్ళు ఆ కారెక్కడం మానేశారు. ఆమె ఎవరికీ సంజాయిషీ ఇవ్వలేదు. పిలిస్తే వెళ్ళేది. ఇదివరకటిలాగే విసుక్కునేది.

మళ్ళీ వానాకాలం వచ్చింది. ఒక తెల్లవారుజామున తలుపు చప్పుడైతే నేనే తీశాను. బిమల్. చొక్కా గుండీలు ఒకదానికొకటి తప్పి పెట్టుకుని ఉన్నాడు. జీపు ఆరోగ్య కేంద్రం ముందే ఉందని నాకు తెలుసు. అదే అడగబోయాను. అతను నన్ను దాటి లోపలున్న అక్క వైపు చూసి, "దీదీ, మాలతికి నొప్పులు. మీరే రండి" అన్నాడు. అక్క లేచి వచ్చింది. తాళంచెవి నా చేతిలో పెట్టింది. "నువ్వు నడుపు. నేను మాలతి దగ్గర కూర్చుంటాను" అంది. నడపడం అప్పటికి నాకు వచ్చు. కారు దారిలో ఎక్కడా ఆగలేదు. ఆడపిల్ల పుట్టింది. బిమల్ ఆసుపత్రి బయటికొచ్చి చెప్పేసరికి అక్క వెనక సీటులో నోరు తెరుచుకుని నిద్రపోతోంది. లేపబోతే అతనే వద్దని చెయ్యి ఊపి, ఎండ పడకుండా కిటికీకి తన పైగుడ్డ కట్టాడు.

అక్క పోయి చాలా ఏళ్ళయింది. నేను హెడ్‌మిస్ట్రెస్‌గా పనిచేసి, రిటైరై, పోర్ట్‌బ్లెయిర్‌లోనే లంబాలైన్‌లో స్థిరపడ్డాను. ఈ మధ్య నాకూ తరచుగా అలుపు. ఎవరి పనైనా నా వల్ల ఆలస్యమైతే, నా వల్లే అయిందని ముందు చెప్పేస్తాను. ఎందుకైందో వాళ్ళు అడిగితేనే చెబుతాను. చాలామంది అడగరు. అప్పుడు ఆ కారణాన్ని ఇంటికి తెచ్చుకుంటాను. బరువుగానే ఉంటుంది. మోస్తాను.