పిన్ని మానేసిన దయ్యం సినిమాలు

చర్చి పక్క సందులో బట్టలు కుట్టే పిన్నికి దయ్యం సినిమాలంటే ప్రాణం. మధ్యాహ్నం భోజనమయ్యాక మిషను మీద గుడ్డ కప్పి, ఒళ్లో జపమాల పెట్టుకుని టీవీ ముందు కూర్చునేది. తెర మీద తలుపు కిర్రుమంటే చాలు, కళ్లు గట్టిగా మూసుకుని, పూసలు తిప్పుతూ మరియమ్మ తల్లిని పిలిచేది. “అలాంటివి చూస్తే సైతాను ఇంట్లోకొచ్చి కూర్చుంటాడు వదినా!” అని ఆడపడుచు హడలగొట్టడంతో వాటిని మానేసి, ఆవిడతో కలిసి సీరియళ్లకు అలవాటుపడింది. వాటిలో దయ్యాలుండవు, అత్తకు విషం పెట్టే కోడళ్లుంటారు. నెల తిరక్కుండానే పిన్ని చేసిన పాపాలు ఫాదర్ దగ్గర ఒప్పుకునే పాపసంకీర్తనానికి వెళ్లి మోకరిల్లింది.

“దయ్యం సినిమాలు మానేశాను ఫాదర్.”

“మంచిదమ్మా. మరి దిగులెందుకు?”

“అప్పుడు జడుసుకునైనా దేవుణ్ణి తలుచుకునేదాన్ని. ఇప్పుడు మా కోడలు అన్నం వడ్డిస్తే ముందు పిల్లికి పెట్టి చూస్తున్నాను. నిన్న నేనలా పెట్టడం తను చూసేసింది ఫాదర్. ఒకటే ఏడుపు.”

అడ్డుతెర వెనక ఫాదర్ చాలాసేపు దగ్గారు.

“ముందు ఇంటికెళ్లి కోడలికి క్షమాపణ చెప్పమ్మా. ఆ తర్వాత టీవీలో దయ్యం సినిమా ఏదైనా వస్తే, ఇద్దరూ కలిసి చూడండి.”